వృద్ధులకు స్నానం చేయించడం

వృద్ధులకు స్నానం చేయించడం అంటే వయోభారం వల్ల గాని, వ్యాధి వల్ల గాని సొంతంగా స్నానం చేయలేని స్థితికి వచ్చిన పెద్దలకు ఇంటివారో, జీతానికి కుదిరిన సహాయకులో తోడుండి ఆ పని జరిపించడం. తెలుగునాట ఈ బాధ్యత సాధారణంగా కొడుకు, కూతురు, కోడళ్ళపై పడుతుంది. ఇందులో రెండు అంశాలున్నాయి. మొదటిది భద్రత, అంటే పడిపోకుండా, ఒళ్ళు కాలకుండా, చలికి వణకకుండా చూడటం. రెండవది మర్యాద, అంటే ఆ పెద్దల సిగ్గుకు, మాటకు, అలవాటుకు విలువ ఇవ్వడం. ఈ రెండింటికీ పొత్తు కుదరదని చాలామంది అనుకుంటారు. నిజానికి ఒకే ఏర్పాటు రెండింటికీ పనికివస్తుంది. తగిన ఎత్తుగల పీట మీద కూర్చున్న మనిషి పడిపోడు, తన చేతులతో తానే ఒళ్ళు రుద్దుకోగలడు కూడా. ఈ వ్యాసంలో తిరుపతి, చిత్తూరు ప్రాంతాలలోని ఇళ్ళు, అలవాట్లు ప్రధానంగా ప్రస్తావించబడ్డాయి.

ప్రాధాన్యత

మనిషి తన పనులు తాను ఎంతవరకు చేసుకోగలడో కొలవడానికి అమెరికా వైద్యుడు సిడ్నీ కాట్జ్, ఆయన సహచరులు 1963లో ఒక సూచికను ప్రచురించారు. అందులో స్నానం, బట్టలు కట్టుకోవడం, మరుగుదొడ్డికి వెళ్ళడం, మంచం మీది నుండి లేవడం, మలమూత్రాలపై అదుపు, అన్నం తినడం అనే 6 పనులున్నాయి. వయసు మళ్ళేకొద్దీ ఇవి ఒక వరుసలో చేజారుతాయని, సాధారణంగా మొదట పోయేది స్నానమని, చివరివరకు నిలిచేది అన్నం తినడమని కాట్జ్ బృందం గమనించింది. 1965లో వెలువడిన బార్తెల్ సూచికలో కూడా స్నానానికి చోటుంది. పక్కన మనిషి అవసరం లేకుండా స్నానం ముగించుకోగలిగినవారికే అందులో ఆ అంశానికి మార్కులు ఇస్తారు.

స్నానమే ముందు కష్టం కావడానికి కారణం తేలికగానే తెలుస్తుంది. తడి నేల మీద నిలబడాలి, వంగాలి, కళ్ళు మూసుకోవాలి, చేతులు తలపైకి ఎత్తాలి, నీళ్ళ చెంబు మోయాలి. ఇన్ని పనులు ఒకేసారి చేయవలసిన సందర్భం ఇంట్లో మరొకటి లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 65 ఏళ్ళు దాటినవారిలో 28 నుండి 35 శాతం మంది ఏటా ఒక్కసారైనా పడిపోతారు. ఎముకలు గుల్లబారిన వయసులో తుంటి ఎముక విరిగితే, అంతకుముందు నడిచిన మనిషి మంచానికి పరిమితమయ్యే ప్రమాదముంది.

అందువల్ల నాయన స్నానం మానేశాడనో, అవ్వ రోజూ వాయిదా వేస్తున్నదనో ఇంట్లో వినిపించే ఫిర్యాదును మొండితనంగా భావించరాదు. చాలాసార్లు దాని వెనుక, ఎవరికీ చెప్పకుండా దాచుకున్న భయం ఉంటుంది. ఒకసారి కాలు జారి, ఎవరూ చూడకముందే లేచి వచ్చినవారు ఆ సంగతి పిల్లలకు చెప్పరు. స్నానమంటేనే వెనుకాడతారు.

స్థానిక ఆచారాలు

రాయలసీమ మాటలలో స్నానాన్ని నీళ్ళు పోసుకోవడం అంటారు. ఒంటికి పోసుకోవడం, తలకు పోసుకోవడం అని అందులో తేడా కూడా పాటిస్తారు. తమిళ ప్రాంతాలకు ఆనుకొని ఉన్న చిత్తూరు సీమలో చాలా ఇళ్ళలో మగవారికి శనివారం, ఆడవారికి శుక్రవారం నూనె తలంటు రోజులు. శనివారం వేంకటేశ్వరస్వామికి ప్రీతిపాత్రమైన వారం కావడం వల్ల ఆనాడు తలకు పోసుకోకుండా పూజ చేయడానికి పెద్దలు ఇష్టపడరు. స్నానం కాకుండా దీపం పెట్టని, వంటింట్లోకి రాని, నోట్లో మెతుకు వేసుకోని పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. అటువంటివారికి స్నానం తప్పిందంటే ఒళ్ళు శుభ్రపడలేదన్న లోటు ఒక్కటే కాదు, ఆ రోజు పూజకు, భోజనానికి తాము తగమన్న బాధ కలుగుతుంది.

ఈ విషయంలో శాస్త్రం ఆచారం కన్నా మెత్తగా ఉన్నది. నిండా మునగలేని అశక్తులు తల తడపకుండా స్నానం చేయవచ్చని, అదీ చేతకానివారు తడిగుడ్డతో ఒళ్ళు తుడుచుకుంటే చాలునని స్మృతులలో చెప్పబడింది. నీటితో చేసే వారుణ స్నానం గాక మంత్ర స్నానం, విభూతితో చేసే ఆగ్నేయ స్నానం, దైవధ్యానంతో చేసే మానస స్నానం వంటివి కూడా స్నానాలుగానే లెక్కించబడ్డాయి. తడిగుడ్డ స్నానం స్నానమే కాదని బాధపడే తల్లికి వైద్యుని మాట కన్నా పురోహితుని మాట ఎక్కువ ఊరట కలిగించవచ్చు.

ఒంటి మీద బట్ట విషయంలో కూడా పాత ఆచారం ఉపయోగకరం. నగ్నంగా స్నానం చేయరాదని ధర్మశాస్త్రాలు నిషేధించాయి. పల్లెల్లో ఆడవారు పావడను రొమ్ముల పైకి కట్టుకొని, మగవారు గోచితోనో తుండుతోనో నీళ్ళు పోసుకోవడం అలవాటు. పెద్దవారికి స్నానం చేయించేటప్పుడు ఈ పద్ధతిని ఉన్నదున్నట్లుగా వాడుకోవచ్చు. పలుచని నూలుబట్ట మీదుగా నీళ్ళు పోస్తూ, బట్ట కింద తమ చేత్తో తామే రుద్దుకోనిస్తే చాలావరకు పని పూర్తవుతుంది. ఆసుపత్రుల్లో కనిపించే, అంతా విప్పించి చకచకా కడిగే పద్ధతి ఇంట్లో అవసరం లేదు.

స్నానాల గది

ఈ ప్రాంతపు పల్లెటూళ్ళలో స్నానాల గది ఇంటికి దూరంగా, పెరట్లో ఉండటం సాధారణం. కడప బండలు పరిచిన నేల పొడిగా ఉన్నప్పుడు కాలికి పట్టునిస్తుంది కాని, సబ్బు నురగ, పాచి పేరుకుంటే జారుడుబండ అవుతుంది. వారానికొకసారి బ్లీచింగ్ పొడి చల్లి గట్టి చీపురుతో రుద్ది కడిగితే పాచి పోతుంది. పట్టణాల కొత్త ఇళ్ళలో మెరుగుపెట్టిన టైల్స్ గాని, గ్రానైటు గాని వేస్తున్నారు. కుప్పం ప్రాంతం గ్రానైటుకు ప్రసిద్ధి కావడం వల్ల జిల్లాలో దాని వాడకం ఎక్కువ. మెరుగుపెట్టిన గ్రానైటు స్నానాల గది నేలకు ఏమాత్రం తగదు. వేసి ఉంటే, కింద చూషకాలున్న రబ్బరు చాపను పరచాలి. గోనెసంచి, పాత తువ్వాలు వంటివి పరచడం ప్రమాదకరం. అవి నీళ్ళలో జరుగుతాయి, కాలికి చుట్టుకుంటాయి.

కూర్చునే ఆసనం అన్నిటికన్నా ముఖ్యం. పూర్వం నుండి వాడుకలో ఉన్న చెక్క పీట జానెడు ఎత్తు కూడా ఉండదు. మోకాళ్ళ నొప్పులున్నవారు దాని మీద కూర్చోగలిగినా లేవలేరు. తుంటి కీలు మార్పిడి జరిగినవారిని అంత కిందికి కూర్చోవద్దని వైద్యులు హెచ్చరిస్తారు. సుమారు 45 సెంటీమీటర్ల ఎత్తు, వీపుకు ఆనుడు, చేతులకు ఆసరా, కాళ్ళకు రబ్బరు తొడుగులు ఉన్న కుర్చీ మంచిది. సాధారణ ప్లాస్టిక్ కుర్చీ కాళ్ళు తడి నేలపై విచ్చుకుపోయి విరిగే అవకాశముంది. కూర్చున్నప్పుడు పాదాలు రెండూ పూర్తిగా నేలకు ఆనాలి. పొట్టిగా ఉన్నవారికి దీనిని సరిచూడటం చాలామంది మరచిపోతారు.

దుకాణాలలో గ్రాబ్ బార్ అనే పేరుతో దొరికే ఉక్కు కమ్మిని గోడలోకి లోతైన మరలతో బిగించాలి. తువ్వాళ్ళు ఆరవేసే కమ్మి మనిషి బరువును మోయలేదు. తూలినప్పుడు దానిని పట్టుకుంటే గోడ నుండి ఊడివస్తుంది. గడప ఎత్తుగా ఉంటే పక్కన ఒక పట్టు ఉండాలి. తలుపుకు లోపలి గడియ పెట్టుకోకుండా చూడాలి. తలుపు దగ్గరగా వేసి బయట తెర కడితే, చాటుకు చాటు ఉంటుంది, పిలిస్తే లోపలికి వెళ్ళడానికి వీలూ ఉంటుంది. గది లోపలికి తెరుచుకునే తలుపైతే, లోపల పడిన మనిషే దానికి అడ్డమవుతాడు. మరమ్మతు చేయించే అవకాశం ఉన్నప్పుడు తలుపును బయటికి తెరుచుకునేలా మార్పించడం మేలు.

ఇటువంటి మార్పులను వృత్తిగా నేర్పే శాస్త్రాన్ని ఆక్యుపేషనల్ థెరపీ అంటారు. చిత్తూరుకు పొరుగున ఉన్న వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో, ప్రమాదంలో నడుము కింది భాగం చచ్చుబడినా చక్రాల కుర్చీ నుండే శస్త్రచికిత్సలు చేసిన డాక్టర్ మేరీ వర్గీస్ కృషి ఫలితంగా 1966లో పునరావాస కేంద్రం ఏర్పడింది. రోగి ఇంటికి తిరిగి వెళ్ళాక స్నానం, బట్టలు వంటి పనులు ఎలా చేసుకోవాలన్నది అటువంటి కేంద్రాలలో చికిత్సలో భాగం. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం ఆధ్వర్యంలో 1985లో ఏర్పడిన బర్డ్ ఆసుపత్రి ఎముకలు, కీళ్ళ చికిత్సకు పేరుపొందింది. 1993లో ప్రారంభమైన శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థకు అనుబంధంగా ఫిజియోథెరపీ, నర్సింగ్ కళాశాలలు ఉన్నాయి. శస్త్రచికిత్స తరువాత ఇంటికి పంపేటప్పుడు మందుల చీటీతో పాటు స్నానం ఎలా చేయించాలో కూడా ఫిజియోథెరపిస్టును అడిగి తెలుసుకోవడం మంచిది.

నీళ్ళు

స్నానపు నీరు 37 నుండి 40 డిగ్రీల సెల్సియస్ వేడి ఉంటే సరిపోతుంది. పెద్దల చర్మం పలుచబడి ఉంటుంది. మధుమేహం ఉన్నవారికి పాదాలలో స్పర్శ తగ్గి, కాలుతున్నా తెలియకపోవచ్చు. 60 డిగ్రీల నీరు 5 సెకన్లలోనే చర్మాన్ని లోతుగా కాల్చగలదు. కాగు నుండి దించిన నీళ్ళు అంతకన్నా వేడిగానే ఉంటాయి. బకెట్‌లో ముందు చన్నీళ్ళు పోసి, తరువాత వేణ్ణీళ్ళు కలపాలి. స్నానం చేయించేవారు నీటిని వేళ్ళతో కాక మోచేతితో పరీక్షించాలి, ఎందుకంటే పనిచేసి కాయకట్టిన చేతికి వేడి సరిగా తెలియదు. తరువాత ఆ పెద్దల చేతిపై కొద్దిగా పోసి, చాలునా అని అడగాలి. తొలి చెంబు పాదాల మీద పోయడం మంచిది. హఠాత్తుగా తలపై కుమ్మరించరాదు.

హీటర్ కడ్డీతో నీళ్ళు కాచే ఇళ్ళలో ఆ పని స్నానాల గది బయటే ముగించాలి. స్విచ్చి ఆపి, ప్లగ్గు ఊడదీసిన తరువాతే నీటిని తాకాలి. గ్యాస్ గీజరును మూసిన గదిలో వాడితే రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ వాయువు నిండి ప్రాణం తీయవచ్చు. పడిపోవడాన్ని గురించి హెచ్చరించే వ్యాసాలు ఈ ప్రమాదాన్ని తరచుగా వదిలేస్తుంటాయి.

ఎండాకాలం నీటి ఎద్దడి ఈ ప్రాంతంలో కొత్త కాదు. పెద్దవారికి రోజూ నిండు స్నానం ఆరోగ్యరీత్యా తప్పనిసరి కాదు. వారానికి రెండు మూడుసార్లు నిండుగా పోసి, మిగతా రోజులలో ముఖం, చంకలు, తొడల సందులు, పాదాలు శుభ్రపరిస్తే చాలు. అతిగా సబ్బు రుద్దడం వల్ల చర్మం ఎండి దురద పుడుతుంది. అయితే రోజూ స్నానం మాననివారిని ఈ లెక్క చెప్పి మాన్పించడం సరికాదు. వారికి రెండు చెంబుల నీళ్ళతోనైనా ప్రతిరోజూ స్నానం జరగాలి.

స్నానం చేయించే పద్ధతి

ఎండ కాస్త ముదిరాక, భోజనానికి ముందు వేళ అనువైనది. తిన్నాక స్నానం చేయరాదన్న పెద్దల మాటకు వైద్యపరంగా ఆధారమున్నది. భోజనం తరువాత రక్తం జీర్ణకోశానికి ఎక్కువగా ప్రవహించి, వృద్ధులలో రక్తపోటు పడిపోతుంది. వేడినీళ్ళ వల్ల చర్మపు రక్తనాళాలు వ్యాకోచించి అది ఇంకా తగ్గుతుంది. కూర్చున్న మనిషి లేచిన 3 నిమిషాలలో పై రక్తపోటు 20 పాదరస మిల్లీమీటర్లు తగ్గితే కళ్ళు తిరిగే ప్రమాదముంది. రక్తపోటు మందులు, పురుషులలో మూత్రగ్రంథి మందులు వాడేవారిలో ఇది ఎక్కువ. కాబట్టి స్నానం కాగానే లేపకూడదు. కూర్చోబెట్టే ఒళ్ళు తుడిచి, పొడి బట్ట కప్పి, కాళ్ళు చేతులు కాసేపు ఆడించమని చెప్పి, ఆ తరువాత నిదానంగా నిలబెట్టాలి.

సబ్బు, చెంబు, తువ్వాలు, మార్చుకునే బట్టలు అన్నీ ముందే చేతికందేలా పెట్టుకోవాలి. తడి ఒంటితో ఉన్న మనిషిని వదిలి తువ్వాలు తేవడానికి వెళ్ళిన క్షణమే ప్రమాదాలకు తావు. చేయించేవారు కూడా పొట్టి స్టూలు మీద కూర్చోవడం మేలు. రోజూ వంగి చేస్తే వారి నడుము పట్టేస్తుంది. లేపేటప్పుడు జబ్బ పట్టి లాగరాదు. నడుముకు వెడల్పాటి గుడ్డ చుట్టి దానిని పట్టుకోవాలి. పక్షవాతం వచ్చినవారికి బట్టలు విప్పేటప్పుడు బాగున్న చేతి నుండి, తొడిగేటప్పుడు పడిపోయిన చేతి నుండి మొదలుపెట్టాలి.

తుడిచేటప్పుడు రుద్దకుండా అద్దాలి. కాలివేళ్ళ సందులు, రొమ్ముల కింద, గజ్జలు పొడిగా లేకుంటే తామర వ్యాపిస్తుంది. మధుమేహం ఉన్నవారి అరికాళ్ళను ప్రతిసారీ వెలుతురులో చూడాలి. నొప్పి తెలియని పుండును పట్టుకోగలిగేది ఆ చూపే. పిరుదుల మీద, మడమల మీద నొక్కినా పోని ఎరుపు కనిపిస్తే ఒరుపుడు పుండుకు అది తొలి గుర్తు.

తలంటు

నూనె తలంటు పెద్దలకు ఎంత ఇష్టమో అంత అపాయకరం కూడా. నూనె కారిన నేలపై అరికాలు నిలవదు. నువ్వుల నూనె రాయడాన్ని స్నానాల గదిలో కాక, వసారాలో కుర్చీ మీద కూర్చోబెట్టి చేయాలి. అరికాళ్ళకు మాత్రం రాయకుండా, రాసినా పూర్తిగా తుడిచి, చెప్పులు తొడిగి గదిలోకి తీసుకువెళ్ళాలి. ముతక సున్నిపిండి పలుచని చర్మాన్ని గీరుతుంది. మెత్తగా జల్లించిన పెసరపిండి వాడవచ్చు. సీకాయ, కుంకుడు రసం కంట్లో పడితే ఆ మంటకు మనిషి ఉలిక్కిపడి జారవచ్చు. నుదుటికి అడ్డంగా మడతగుడ్డ పట్టుకోమని వారి చేతికే ఇవ్వడం మంచి ఉపాయం.

మర్యాద

ఎవరు చేయించాలన్నది చాలా ఇళ్ళలో తేలని ప్రశ్న. తండ్రికి కొడుకు, తల్లికి కూతురు, అత్తకు కోడలు అన్నది అలవాటు. కొడుకు మాత్రమే ఉన్న తల్లి, కోడలు మాత్రమే ఇంట్లో ఉండే మామ చిక్కులో పడతారు. కొడుకు ముందు చీర విప్పవలసి రావడం కన్నా స్నానం లేకుండా ఉండటమే నయమనుకునే తల్లులు ఉంటారు. అటువంటప్పుడు వారి ఇష్టాన్ని ముందుగా అడగాలి. బంధువులలోనో, ఇరుగుపొరుగులోనో ఒక స్త్రీని కుదర్చడం, లేదా జీతానికి ఆయాను పెట్టుకోవడం కుటుంబానికి తలవంపు కాదు. ఎవరూ దొరకని రోజున, కొడుకు నీళ్ళు కలిపి పెట్టి, తెర అవతల నిలబడి మాట్లాడుతూ ఉండి, వీపు మాత్రం రుద్ది రావచ్చు.

ప్రతి పనికీ ముందు ఒక మాట చెప్పడం అవసరం. “అమ్మా, ఇప్పుడు వీపు మీద పోస్తా ఉండా” అని చెప్పి పోసిన నీళ్ళు వేరు, చెప్పకుండా పోసిన నీళ్ళు వేరు. చంటిబిడ్డతో మాట్లాడినట్లు మాట్లాడటం, ఇతరుల ఎదుట వారి స్నానం సంగతి ప్రస్తావించడం, విసుగు చూపడం పెద్దలను నొప్పిస్తాయి. చేతకాని పనిలో మాత్రమే సాయం చేయాలి. ముఖం కడుక్కోవడం, జంధ్యం లేదా తాళి సవరించుకోవడం, గుహ్యాంగాలను శుభ్రం చేసుకోవడం ఎంత ఆలస్యమైనా వారినే చేసుకోనివ్వాలి. తాళి, మెట్టెలు, తావళం వంటివాటిని శుభ్రత పేరుతో అడగకుండా తీయరాదు.

మతిమరపు వ్యాధి ఉన్నవారు

డిమెన్షియా ఉన్నవారు స్నానం వేళ అరవడం, కొట్టడం మామూలుగా కనిపిస్తుంది. బట్టలు ఎవరో లాగుతున్నారని, నీళ్ళలో ముంచుతున్నారని వారికి తోచవచ్చు. అమెరికాలో ఫిలిప్ స్లోన్ బృందం నర్సింగ్ హోములలో జరిపి 2004లో ప్రచురించిన పరిశోధనలో, మనిషి ఇష్టాన్ని బట్టి స్నానం చేయించినప్పుడు, అలాగే కప్పిన దుప్పటి కింద గోరువెచ్చని తడి తువ్వాళ్ళతో తుడిచినప్పుడు, దౌర్జన్యపు ఘటనలు సగానికి పైగా తగ్గాయి. పరిశుభ్రత లోపించలేదు కూడా. బలవంతం వల్ల ఫలితం లేదు. వద్దన్నప్పుడు ఆపి, అరగంట తరువాత మళ్ళీ అడగాలి. “గుడికి పోదాం, నీళ్ళు పోసుకో” అన్న పాత మాట, చిన్నప్పటి నుండి వాడిన సబ్బు వాసన, తెలిసిన పాట ఒక్కోసారి పనిచేస్తాయి. గుడికని చెప్పినప్పుడు ఇంట్లోని దేవుని పటం వద్దకైనా తీసుకువెళ్ళడం న్యాయం.

మంచం మీద స్నానం

లేవలేనివారికి రెండు గిన్నెల గోరువెచ్చని నీళ్ళు, నాలుగైదు మెత్తని గుడ్డలు, కింద పరచడానికి రబ్బరు గుడ్డ అవసరం. ఒళ్ళంతా దుప్పటి కప్పి, తుడిచే భాగాన్ని మాత్రమే తెరిచి, తుడిచిన వెంటనే మళ్ళీ కప్పాలి. కళ్ళు మొదట, సబ్బు లేకుండా, ముక్కువైపు నుండి బయటికి తుడవాలి. తరువాత ముఖం, చేతులు, ఛాతి, కాళ్ళు, వీపు. మర్మాంగాలు చివర, వేరే గుడ్డతో, వేరే నీటితో. స్త్రీలకు ముందు నుండి వెనుకకే తుడవాలి, లేకుంటే మూత్రనాళంలో సూక్ష్మక్రిములు చేరతాయి.

జపాన్‌లో 2000 ఏప్రిల్‌లో మొదలైన దీర్ఘకాల సంరక్షణ బీమా కింద, తొట్టెను ఇంటికే తెచ్చి మంచం పట్టినవారికి స్నానం చేయించే సేవ లభిస్తుంది. మన ప్రాంతంలో అటువంటి ప్రభుత్వ సేవ లేదు కనుక భారమంతా ఇంటివారిదే.

తీర్థస్నానాలు

తిరుమల స్వామి పుష్కరిణి, తిరుపతి కపిలతీర్థం, కాణిపాకం కోనేరులలో స్నానం చేయించాలని తల్లిదండ్రులను తీసుకువచ్చేవారు చాలామంది. కోనేటి మెట్లు పాచిపట్టి, ఎత్తు సమానంగా లేకుండా ఉంటాయి. చక్రస్నానం నాటి తోపులాటలో వృద్ధులు దిగడం క్షేమం కాదు. కపిలతీర్థం జలపాతం వర్షాలకు ఒక్కసారిగా ఉధృతమవుతుంది. 2021 నవంబరు వరదలలో అది భీకరంగా దూకింది. పై మెట్టుపై కూర్చోబెట్టి చెంబుతో నీళ్ళు తెచ్చి పాదాలు కడిగి, శిరస్సున చల్లితే తీర్థస్నాన ఫలం దక్కుతుందని విశ్వాసం. తలనీలాలిచ్చిన తరువాత గుండుపై చన్నీళ్ళు పోస్తే పెద్దలకు వణుకు పుట్టవచ్చు. తిరుమల చలికి టోపీ, శాలువ వెంట ఉండాలి.

పడిపోయినప్పుడు

పడినవారిని వెంటనే లేపరాదు. తుంటి వద్ద తీవ్రమైన నొప్పి ఉండి, ఒక కాలు పొట్టిగా, పాదం బయటివైపు తిరిగి కనిపిస్తే తుంటి విరిగినట్లు అనుమానించాలి. అక్కడే పొడిబట్ట కప్పి, ఆంధ్రప్రదేశ్‌లో 2005 నుండి పనిచేస్తున్న 108 అంబులెన్సును పిలవాలి. తలకు దెబ్బ తగిలినవారు, రక్తాన్ని పలుచబరిచే మందులు వాడేవారు బాగానే ఉన్నట్లు కనిపించినా వైద్యుడికి చూపించాలి.

చట్టం, సహాయం

తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. దీని ప్రకారం తిండి, బట్ట, నివాసం, వైద్యం కల్పించడం పిల్లల బాధ్యత. ఈ బాధ్యత తల్లిదండ్రులు సాధారణ జీవితం గడపడానికి అవసరమైనంత మేరకు ఉంటుందని చట్టం చెబుతోంది. వృద్ధులను దిక్కులేకుండా వదిలివేసినవారికి 3 నెలల వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు. ఫిర్యాదులను రెవెన్యూ డివిజన్ స్థాయి ట్రిబ్యునల్ విచారిస్తుంది.

దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న వృద్ధులకు చేతికర్రలు, వాకర్లు, చక్రాల కుర్చీల వంటి ఉపకరణాలు ఉచితంగా ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజనను కేంద్ర ప్రభుత్వం 2017 ఏప్రిల్ 1న పొరుగునున్న నెల్లూరులోనే ప్రారంభించింది. నిర్లక్ష్యానికి గురవుతున్న వృద్ధులు, సలహా కావలసిన కుటుంబాలు 14567 నెంబరుకు ఫోను చేయవచ్చు. 2021 అక్టోబరు 1 నుండి దేశమంతటా అందుబాటులోకి వచ్చిన ఈ ఎల్డర్‌లైన్‌కు రుసుము లేదు.